ఒక నల్ల ఈగతో కుమ్హారి నుంచి రుఆబాంధా దాకా

భిలాయి పక్కన కుమ్హారిలోని మా ఇంట్లో నా భార్య స్వర్ణ రోజూ ఇరవై రెండు లంచ్ బాక్సులు కట్టి దగ్గర్లోని అమ్మాయిల హాస్టల్‌కు పంపుతుంది. మొన్న బాక్సుల కోసం వచ్చిన వార్డెన్ దీదీ, వంటింటి గుమ్మం మీద వాలిన నల్లటి పురుగుల్ని చూసి ఆగిపోయింది. "యే క్యా హై?" అంటూ అవేమిటని అడిగింది. తెలీదంటే సరిపోయేది. పెద్ద తెలిసినవాడిలా కందిరీగలన్నాను. పిల్లల్ని కుడితే ఎవరు చూస్తారని ఆవిడ గొడవ పెట్టి, శనివారం సాయంత్రంలోగా అవేమిటో తేల్చకపోతే సోమవారం నుంచి బాక్సులు వద్దనేసింది. మూడేళ్లుగా నిలబెట్టుకున్న పని. ఆ పూట స్వర్ణ అన్నం ముట్టలేదు.

భిలాయిలో మా సింహాచలం మావయ్య ఉన్నాడు. స్టీల్ ప్లాంటులో రైలు పట్టాల మీద పగుళ్లు వెతికే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు అదే భూతద్దంతో పెరట్లో పురుగుల్ని పరీక్షిస్తుంటాడు. నేను పనిచేసే వర్క్‌షాపులో పాడైన విడిభాగాన్ని అట్టకు టేపుతో అతికించి, తేదీ రాసి పంపడం అలవాటు. చచ్చిన పురుగొకదాన్ని అలాగే అతికించి కవర్లో పెట్టుకున్నాను. గుమ్మం దిగుతుంటే స్వర్ణ ఒక ఖాళీ కాఫీ పొడి సీసా చేతిలో పెట్టింది. లోపల ఇంకో పురుగు, బతికే ఉంది. "ఇదీ పట్టుకెళ్లండి. మీ టేపు మీద నాకు నమ్మకం లేదు" అంది.

శనివారం ఉదయం తొమ్మిది దాటాక లోకల్ రైలు ఎక్కాను. టికెట్ పది రూపాయలు. అరగంట తర్వాత పవర్ హౌస్ స్టేషన్లో దిగి, మావయ్య ఉండే రుఆబాంధాకు ఎనభై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను. "శీశీ మే క్యా హై, భయ్యా?" అని సీసాలో ఏముందో డ్రైవరు అడిగాడు. మక్ఖీయో, అంటే ఈగో, కాదో తెలుసుకోవడానికే వెళ్తున్నానని చెప్పాను. అతను పగలబడి నవ్వి, తనింట్లో బోలెడున్నాయని, కావాలంటే ఊరికే ఇస్తానని అన్నాడు. టౌన్‌షిప్ సెక్టార్ల మధ్య చెట్ల నీడలో ఆటో హాయిగానే సాగింది కానీ, నా చూపంతా ఒళ్లోని సీసా మీదే.

మావయ్య అట్ట చూడగానే తల పట్టుకున్నాడు. "ఈగనెవుడైనా టేపేసి అతికిస్తాడేటిరా? రెక్కలు ముక్కలైపోనాయి. నాలుగో రెండో ఎలాగ లెక్కెట్టమంటావు?"

"కందిరీగే కదా మావయ్యా?"

"పేరు తరవాత. ముందు ఉన్నదేటో చూడాల."

సీసాను పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాడు. టీ తాగేలోపు పురుగు మత్తుగా అయిపోయింది. దాన్ని తెల్లకాగితం మీద వేసి, భూతద్దం నాకే ఇచ్చి ఒక్కొక్కటీ చెప్పించాడు. ఒకటే జత రెక్కలు. కందిరీగకు రెండు జతలుంటాయట. రెక్కల వెనక గుండుసూది తలల్లాంటి రెండు బుడిపెలు. పాదాల చివర తెల్లగా ఉంది. వెలుగుకు పట్టి చూస్తే నడుము దగ్గర, అద్దం పెట్టినట్టు, రెండు పారదర్శకమైన మచ్చలు.

"బ్లాక్ సోల్జర్ ఫ్లై రా, ఈగల్లో ఓ రకం. కుట్టదు, కరవదు. పెద్దయ్యాక దీనికి తిండి గోలే లేదు, మీ అన్నం మీద వాలదు. దీని పిల్లలే కుళ్లిన తొక్కలు తింటాయి." భూతద్దం దించి నా వంక చూశాడు. "మీ ఇంట్లో తొక్కల బకెట్టు ఎన్నాళ్లయిందిరా పారబోసి?"

రెండు వారాలు. అది నా వంతు పని.

మావయ్య చెప్పినవన్నీ ఫొటోలతో సహా వార్డెన్ దీదీకి పంపాను. పావుగంటకు జవాబొచ్చింది: బకెట్టు తీయించండి, సోమవారం బాక్సులు పంపండి. స్వర్ణకు ఫోన్ చేసి చెబితే ముక్కు ఎగబీల్చడం వినిపించింది. ఆ తర్వాత, "అయితే బకెట్టు ఎవరి పనండీ?" అంది. నవ్వుతూనే అడిగింది. నాకు ఆ నవ్వే చాలు.

తిరుగు రైల్లో కూర్చుని ఆలోచిస్తే సిగ్గేసింది. కందిరీగ అని పేరు పెట్టింది నేనే, ఈగను ఇంటికి పిలిచిందీ నేనే. స్వర్ణ వంటింటికి ఏ మచ్చా లేదని తేల్చింది మాత్రం ఆవిడ ఇచ్చిన సీసా. మీరూ ఇలా పురుగును పట్టుకుని బయల్దేరితే టేపు జోలికి పోకండి. మూతున్న సీసాలో వేసి, చూసే ముందు పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచితే రెక్కలు లెక్కపెట్టనిస్తుంది. ఇంకోటి, గడప దాటేముందు బకెట్టు పారబోసి వెళ్లండి.