ఏడు బొమ్మలూ గండికోట కట్టూ

ఎవరి పరువైనా పోయేటప్పుడు కాస్త చాటూమాటూ చూసుకుని పోతుంది. నాది అలా కాదు. పట్టపగలు పదకొండింటికి, మాదాపూర్ మెయిన్ రోడ్డు మీద, పదిహేను అడుగుల గాజు పలక వెనక, ముందూ వెనకా లైట్లు వేసుకుని మరీ పోయింది. చూడటానికి జనం బళ్ళు ఆపుకున్నారు. ఇంత వైభవంగా పరువు పోగొట్టుకున్నవాణ్ణి మీరు మళ్ళీ చూడలేరు కనుక, తీరిగ్గా కూర్చుని వినండి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ప్రొద్దుటూరు నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం వచ్చి, మాదాపూర్‌లో ఒక హాస్టల్లో నలుగురితో ఒక గదీ, ఒక ఇస్త్రీ పెట్టే పంచుకుని బతుకుతున్నాను. ఒక దీపావళి ముందు ఇంటర్వ్యూకి నడిచి వెళ్తుంటే, దారిలో ఒక పెద్ద ఖరీదైన దుకాణం అద్దాల కిటికీ నా కాళ్ళకు బ్రేకు వేసింది. పేరు చెప్పను. అందులోకి అడుగుపెట్టాలంటే మనలాంటివాళ్ళు చెప్పులు ఒకసారి తుడుచుకుని చూసుకుంటారు, అలాంటి దుకాణం అనుకోండి.

ఆ కిటికీలో ఉన్నది ఒకే ఒక్క చీర. ముదురు నీలం పట్టు. పైకప్పు నుంచి జారవిడిచి, నేల మీద నదిలా మెలికలు తిప్పారు. అంచు జరీ నీటి మీద ఎండలా మెరుస్తోంది. ఆ నది మీద వందల కాగితం ప్రమిదలు తేలుతున్నాయి. బొమ్మ లేదు, బోర్డు లేదు, 'ఆఫర్' అన్న మాట లేదు. సిగ్నల్ దగ్గర ఆగిన క్యాబ్ డ్రైవరు పచ్చ లైటు పడినా కదల్లేదు. వెనకవాడు హారన్ కొట్టబోయి, వాడూ కిటికీని చూసి, హారన్ సంగతి మరిచిపోయాడు. హైదరాబాదులో హారన్ మరిచిపోవడం అంటే ఏమిటో మీకు తెలుసు.

నేను ఇంటర్వ్యూనే మరిచిపోయాను.

"ఇది ఎవరు చేశారన్నా?" అని గార్డును అడిగాను.

"నస్రీన్ మేడం. గామె చెయ్యి వడితే గోనెసంచి గూడ పట్టుచీర లెక్క కనవడ్తది," అన్నాడు.

ఆ నస్రీన్ మేడం కోసం మూడు రోజులు ఆ గుమ్మం ముందు తిరిగి, నాలుగో రోజు ఆమె దగ్గర అసిస్టెంటుగా చేరిపోయాను. బి.టెక్ చదివి కిటికీలో బొమ్మలకు బట్టలు తొడుగుతున్నానంటే మా నాన్న వారం రోజులు ఫోను ఎత్తలేదు. నాకు మాత్రం స్వర్గం. మేడం పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషి, యాభై దాటాయి, ఎప్పుడూ తెల్ల కుర్తా, మెడలో కొలత టేపు. ఒక దీపం జానెడు పక్కకు జరిపేది. అంతే, కిటికీ మొత్తం ఊపిరి తీసుకునేది. నేను అదే దీపాన్ని అదే జానెడు జరిపితే, కరెంటు పోయిన ఇంట్లో వెతికి పెట్టినట్టు ఉండేది.

ఏడాది తిరిగింది. దసరా వచ్చింది. ఆ సారి మేడం ఏడుగురు అక్కచెల్లెళ్ళను అనుకుంది. ఏడు రంగుల పట్టుచీరల్లో ఏడు బొమ్మలు, చేతుల్లో ఇత్తడి దీపాలతో మెట్లు దిగి వస్తుంటాయి. మెట్ల మీద బంతిపూలు పరవడం కాదు, జారిపోతున్నట్టు ఉండాలి. లోపలి నుంచి గాజుకు మందమైన కాగితం అంటించి, నాలుగు రోజులు పనిచేశాం. చీరలు కట్టడం ఒక్కటే మిగిలింది. ఆ పనికి రావలసిన ఆమెకు జ్వరం వచ్చింది. అదే మధ్యాహ్నం నస్రీన్ మేడం వాళ్ళ అమ్మకు కంటి ఆపరేషన్.

"సుబ్బూ మియా, నాకు దవాఖానకు పోవుడు తప్పదు. నీకు చీర కట్టుడు వస్తదా? రాకుంటే చెప్పు. ఫికర్ లేదు, రేపు నేనే వచ్చి కడ్త. పొద్దున కాదు, సాయంత్రం తెరుద్దాం."

చూశారా, ఎంత మంచి మనిషో! తప్పించుకోవడానికి తలుపు తీసి, దారి చూపించి, చెప్పులు కూడా అందించింది. నేనేం చేశానంటారా?

"మేడం, మాది ప్రొద్దుటూరు! మా ఊళ్ళో పిల్లలు నడక కంటే ముందు కుచ్చిళ్ళు నేర్చుకుంటారు!" అన్నాను.

మా ఇంట్లో చీర విషయంలో నేను చేసిన సేవల్లా, మా అమ్మ ఆరేస్తుంటే రెండో కొస పట్టుకోవడం. అది కూడా తిట్లు తింటూ.

మేడం వెళ్ళగానే ఒక నూలు చీర తీసుకుని స్టాఫ్ రూములో అద్దం ముందు నిలబడ్డాను. ఫోనులో వీడియో పెట్టుకుని, ప్యాంటూ చొక్కా మీదే కట్టుకోవడం మొదలుపెట్టాను. ఐదోసారికి వచ్చింది. పైట ఎడమ భుజం మీద చక్కగా కూర్చుంది. అద్దంలోని నన్ను నేను ఫోటో తీసి, ఆ ఫోటో ముందు పెట్టుకుని ఏడు బొమ్మలకూ అచ్చం అలాగే కట్టాను. ఫోటోలో పైట ఏ వైపు ఉంటే ఆ వైపు. సాయంత్రం ఆరుకల్లా పని అయిపోయింది. నా భుజం నేనే తట్టుకున్నాను. ఏ భుజమో గుర్తులేదు.

ఇక్కడ మీలో తెలివైనవాళ్ళు అప్పుడే నవ్వుతున్నారు. అద్దంలో నా ఎడమ భుజం నాకు ఎడమవైపే కనిపిస్తుంది. ఎదురుగా నిలబడ్డ బొమ్మ ఎడమ భుజం మాత్రం నాకు కుడివైపు ఉంటుంది. ఇంజనీరింగులో నాలుగేళ్ళు గణితం చదివిన బుర్రకు ఈ ముక్క తట్టలేదు.

మర్నాడు పొద్దున పదిన్నరకు కాగితం చింపాను. బయటికి వెళ్ళి చూసుకున్నాను. మెట్లు, పూలు, దీపాలు, ఏడు రంగులు. అబ్బ! ఏదో చిన్న తేడా ఉంది, అదేమిటో తెలియడం లేదు. అప్పుడే హౌస్‌కీపింగ్ యాదమ్మ గాజు తుడవడానికి బకెట్టుతో వచ్చింది. నల్గొండ జిల్లా మనిషి, రోజూ నానక్‌రామ్‌గూడ నుంచి షేర్ ఆటోలో వచ్చేది. తడిగుడ్డ పట్టుకుని ఒక నిమిషం అలాగే నిలబడింది.

"ఏంది బిడ్డా, ఈళ్ళందరు ఎడమచేతి వాటమోళ్ళా?"

"అదేం మాట యాదమ్మా?"

"కొంగు కుడి బుజం మీదికి వోయింది సూడు. కుచ్చిళ్ళు గూడ ఎదురుమొకం వెట్టినయ్. అక్కచెల్లెండ్లు ఏడుగురు అలిగి పుట్టింటికి వోతున్నట్టున్నరు."

నా గుండె ఏడు మెట్లూ జారి కిందపడింది. యాదమ్మ బకెట్టు పక్కన పెట్టి, గొంతు తగ్గించింది.

"పరేషాన్ గాకు. కాయితం మల్ల అతికియ్యి. గంటల అన్ని సక్కజేస్త. ఎవ్వలికి ఎర్కగాదు."

రెండో తలుపు! భగవంతుడు ఒకే మూర్ఖుడికి రెండుసార్లు తలుపు తీయడం అరుదు. కానీ ఇరవై నాలుగేళ్ళవాడు కట్టిన చీరకు కుడి భుజమే. తప్పు చేశానని ఒప్పుకుంటే చచ్చిపోతాననిపించింది.

"తప్పు కాదు యాదమ్మా. కావాలనే అలా కట్టాను. ఇది స్టైలు. నీకు తెలియదులే."

యాదమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఔ, గంతేనా!" అని గాజు తుడవడం మొదలుపెట్టింది. ఆ 'గంతేనా' ఇప్పటికీ నా చెవిలో ఉంది.

సరిగ్గా అప్పుడే కోకాపేట నుంచి ఒక పెద్ద కారు వచ్చి ఆగింది. అందులోంచి దిగింది లక్ష్మీదేవమ్మ గారు. ఆమె భర్త అపార్ట్‌మెంట్లు కడతారు. కూతురి నిశ్చితార్థానికి చీరలు కొనడానికి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. కిటికీ ముందు ఆగి, మెడ కుడికి వంచి, ఎడమకు వంచి చూసింది.

"ఏం నాయనా, ఇదేం కట్టు?"

ఆ యాస వినగానే మా జిల్లా అని తెలిసిపోయింది. నోరు మూసుకోవాల్సింది. తెరిచాను.

"గండికోట కట్టమ్మా. మాదీ ఆ పక్కే, ప్రొద్దుటూరు."

"గండికోటా? మాది జమ్మలమడుగే. కోట పక్కనే పుట్టి పెరిగినా. నేనెప్పుడూ ఇన్లేదే?"

"అందుకేనమ్మా, మరుగున పడిపోయింది. కోటలో రాణులు మాత్రమే కట్టేవాళ్ళు."

"కొంగు కుడిపక్కకు ఎందుకు ఏసేవాళ్ళో?"

"యుద్ధానికమ్మా! కత్తి దూయడానికి వీలుగా."

ఆమె తన కొంగును కుడి భుజం మీద వేసుకున్నట్టు అభినయించి, కత్తి దూసి చూసింది.

"కుడి చేతికి కొంగు అడ్డం పడతాంది గదప్పా? కత్తి యాడ దూసేది?"

చుట్టూ చూశాను. యాదమ్మ కనిపించింది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు యాదమ్మ మాట దొరికింది.

"వాళ్ళు ఎడమచేతి వాటమమ్మా!"

"కోటలో ఆడోళ్ళంతానా?"

"వంశపారంపర్యమమ్మా."

యాదమ్మ గాజు మీద తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది. భుజాలు కదులుతున్నాయి. లక్ష్మీదేవమ్మ గారు మాత్రం ముఖంలో ఒక్క గీత కదలకుండా, "మంచి ఇసయం చెప్తివి. మా పాపకు ఇదే కట్టు కట్టిస్తా. ఎట్ల కట్టాలో నేర్పు," అంది.

"మీకెలా కడతానమ్మా... మగవాణ్ణి..."

"మాకొద్దులే సామీ. నువ్వే కట్టుకోని చూపీ. మేము చూసి నేర్చుకుంటాం."

పిన్నీసుతో పోయేదాన్ని గండికోట దాకా తెచ్చుకోవడమంటే ఇదే. ఆమె లోపలికి నడిచి, రాణీ రంగు పట్టుచీర ఒకటి ఎంచి నా చేతిలో పెట్టింది. చీరల విభాగంలో ఉన్న ఆడవాళ్ళంతా కుర్చీలు తిప్పుకున్నారు. కొందరు ఫోన్లు తీశారు. నల్ల చొక్కా, మెడలో ఐడీ కార్డు, దాని మీద నేను పట్టుచీర దోపడం మొదలుపెట్టాను. నిన్న ఐదుసార్లు కట్టుకున్న అలవాటు ఉంది చూడండి, చేతులు వాటంతట అవే పోయాయి. కుచ్చిళ్ళు కుదిరాయి. పైట విసిరాను. అది వెళ్ళి, ఏ అనుమానమూ లేకుండా, నా ఎడమ భుజం మీద హాయిగా కూర్చుంది.

లక్ష్మీదేవమ్మ గారు నా భుజం వంక చూసింది. గాజు వెనక బొమ్మల వంక చూసింది. మళ్ళీ నా వంక చూసింది.

"ఏమబ్బా, బొమ్మలది గండికోట, నీదేమో ప్రొద్దుటూరా?"

ఆ నవ్వు గురించి చెప్పను. మూడో అంతస్తులో గడియారాలు అమ్మేవాళ్ళు కూడా దిగి వచ్చారని మాత్రం చెబుతాను. ఆ నవ్వుల మధ్య వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"సుబ్బూ మియా, నీకు ఈ రంగు మంచిగుంది."

నస్రీన్ మేడం. భుజానికి సంచి, మెడలో టేపు. వాళ్ళ అమ్మను ఇంట్లో దింపి నేరుగా వచ్చింది. నేను ఏడుపు ముఖంతో జరిగిందంతా ఒప్పుకున్నాను. గుజరాతీవాళ్ళు కుడి భుజం మీద వేస్తారని కూడా చివర్లో గొణిగాను.

"వాళ్ళు వెనకనుంచి ముందుకు తెస్తరు. నువ్వు ముందునుంచి వెనక్కి పంపినవ్. ఇది గుజరాత్ కాదు, గండికోట కాదు. రాదు అని ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద, బేటా?"

తిట్టలేదు. అదే నన్ను పూర్తిగా చంపింది. ఆమె యాదమ్మ వైపు తిరిగింది. "యాదమ్మా, నువ్వు కడతవా?"

"కడ్త మేడం. కాయితం అతికియ్యమందునా?"

మేడం కిటికీ బయట పోగవుతున్న జనాన్ని చూసింది. కళ్ళు మెరిశాయి. "వద్దు. చూడనీ."

ఆ తర్వాత జరిగింది నేను చనిపోయేదాకా మరిచిపోను. యాదమ్మ తన చెప్పులు విడిచి, చేతులు తుడుచుకుని, ఆ మెట్లెక్కింది. ఒక్కొక్క బొమ్మ దగ్గర ఆగి, "జర జరుగు తల్లీ," అంటూ కొంగు విప్పింది. ఆ వేళ్ళ మధ్య పట్టు నీళ్ళలా పారింది. కుచ్చిళ్ళు పుస్తకం పేజీల్లా ఒకదాని మీద ఒకటి వాలాయి. మేడం పిన్నులు అందిస్తూ, దీపాలు జానెడు జరుపుతూ ఉంది. బయట ఐడీ కార్డుల పిల్లలు, డెలివరీ కుర్రాళ్ళు, బస్సు కోసం వచ్చినవాళ్ళు, అందరూ కదలకుండా నిలబడ్డారు. ఏడో కొంగు ఎడమ భుజం మీద వాలగానే చప్పట్లు కొట్టారు. యాదమ్మ సిగ్గుపడి నెత్తిన కొంగు కప్పుకుంది. అలిగిన అక్కచెల్లెళ్ళు నిజంగానే నవ్వుతూ దీపాలతో దిగి వస్తున్నట్టున్నారు. ఆ దసరా నుంచి ఆ దుకాణంలో చీర కట్టే పని యాదమ్మదే. బకెట్టు ఇంకొకరికి వెళ్ళింది. నేను ఆమె దగ్గర పిన్నులు అందించడంతో మొదలుపెట్టి, అక్షరాలా ఓనమాలు దిద్దుకున్నాను.

అంతటితో అయిపోయిందనుకుని మెల్లగా స్టాఫ్ రూము వైపు జారుకుంటున్నాను. లక్ష్మీదేవమ్మ గారు కేకేసింది.

"యాడికబ్బా పోతాండావు? నిలబడు."

నిలబడ్డాను. ఆమె నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, అంచు పట్టుకుని చూసి, కూతురికేసి తిరిగింది.

"చూడు పాపా, గడ్డమూ మీసమూ ఉన్నోడి మీదే ఇంత కళగా ఉందే, నీ మీద ఇంకెట్లుంటాదో! ఇదే కొందాం. నాయనా, విప్పి ప్యాక్ చెయ్యి."

విప్పడం వీడియోలో లేదు. యాదమ్మ వచ్చి విప్పింది.

కనుక పెద్దలారా, పిల్లలారా, ఏడు రంగుల పట్టు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. రాని పనిని రాదనే చెబుతాను. తప్పుకు ఏ కోట పేరూ పెట్టను. నేను కట్టుకున్న చీరను ఎవరైనా బేరమాడితే, ఎంత ముచ్చటపడినా సరే, అది విప్పమనేలోపు పారిపోతాను.