కుడివైపా, ఎడమవైపా: నిజాంపట్నం నుంచి ఒక రోజు సముద్రం మీద

బాపట్లలో పరిశోధన చేస్తున్న మా మేనకోడలు శ్రావణి నిరుడు సముద్రం అడుగుకు ఒక పెట్టె దించింది. నాలుగు వందల మీటర్ల లోతులో నీటి వేడినీ, ప్రవాహాన్నీ అది నమోదు చేస్తుంది. పైనుంచి శబ్దం పంపితే శబ్దంతోనే బదులిస్తుంది. మరో రకం శబ్దం పంపితే బరువు వదిలేసి తేలుతుంది. బ్యాటరీ ఈ వారంతో సరి. తేలినప్పుడు పడవ దగ్గర లేకపోతే ఏడాది పని అలల పాలవుతుంది. పడవల్లో లోతు చూసే యంత్రాలు బాగుచేస్తుంటాను కాబట్టి నన్ను తోడు రమ్మంది.

తెనాలి నుంచి సాయంత్రం రైలులో రేపల్లె చేరాను. గంటన్నర లోపు ప్రయాణం, టికెట్ కాఫీ ఖరీదుకు మించదు. లాడ్జిలో పడుకుని తెల్లవారకముందే ఆటోలో నిజాంపట్నం రేవుకు వెళ్లాను. శ్రావణి బాపట్ల నుంచి కారులో వచ్చింది. బోటు ఖర్చులో పెద్ద భాగం డీజిలుదే.

బోటు నడిపే సరంగు పోలయ్య పెట్టె దించిన చోటికి పది గంటలకు చేర్చాడు. ఇంజన్ ఆపి, తీగకు కట్టిన శబ్దయంత్రాన్ని నీళ్లలోకి వదిలాం. శబ్దం వెళ్లి వచ్చిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. ఆ దూరం అక్కడి లోతుకంటే చాలా ఎక్కువ వచ్చింది, అంటే పెట్టె అక్కడ లేదు. ఏదో వల దాన్ని ఈడ్చుకుపోయి ఉంటుంది.

"ఏంటమ్మా, ఫోన్ ఎత్తిందా?" అన్నాడు పోలయ్య.

"ఎత్తింది బాబాయ్, ఎక్కడుందో చెప్పట్లేదు."

"మా ఆవిడ ఫోన్ లాగేనండి."

ఇంకా ముందుకు వెళ్లి రెండుచోట్ల ఆగాం. లోతు లెక్క తీసేసి, మూడు దూరాలకూ కాగితం మీద మూడు వృత్తాలు గీశాను. అవి రెండుచోట్ల కలిశాయి, మా దారికి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. మధ్య మూడు కిలోమీటర్లు. జవాబులు అప్పటికే సన్నగిల్లుతున్నాయి.

"మావయ్యా, మనం ఆగిన చోట్లన్నీ ఒకే గీత మీదున్నాయి, అందుకే కుడో ఎడమో తేలట్లేదు," అంది శ్రావణి.

పోలయ్య తల గోక్కున్నాడు. "వల లాగేటప్పుడు వంకర పోతే చిక్కు పడుద్దండి. ముప్పై ఏళ్ల అలవాటు, చెయ్యి తిన్నగానే పోద్ది. ఎటు తిప్పమంటారు?"

"ఎటైనా సరే, పక్కకి," అన్నాను.

కుడికి తిప్పాడు. నాలుగో దూరం పెరిగింది. అంటే పెట్టె ఎడమన ఉంది. అటు వెళ్లి, ఇంజన్ ఆపి, శ్రావణి బరువు వదలమనే శబ్దం పంపింది. జవాబు రాలేదు. మళ్లీ పంపింది. బోటులో వంట చేసే ఆయన చేపల పులుసు దించి, గరిటె పట్టుకునే నిలబడ్డాడు. కొంతసేపటికి పెట్టెను తేల్చే నారింజ రంగు బుడ్డి అల మీద కనిపించింది. పోలయ్య కొక్కెం వేసి లాగాడు. శ్రావణి మూత మీది బురదను చున్నీతో తుడిచి, దాని పక్కనే కూర్చుంది. పులుసు చల్లారాక తిన్నాం.

పెట్టె మూడుసార్లూ నిజమే చెప్పింది. మేము అడిగిన చోట్లే సరిపోలేదు. కుడో ఎడమో తేలాలంటే నడుస్తున్న దారిని కాసేపు వదలాలి.

ఇలాంటి పనికి వెళ్లేవారు రేవు దాటకముందే సరంగుకు కాగితం మీద త్రిభుజం గీసి, మూడు మూలల్లో ఆగాలని చెప్పండి.