బోడిగట్టు మీద రెండు నీలం చుక్కలు

మూడోసారి వెళ్లినప్పుడు పెద్ద గైడు మరదలికి బోడిగట్టు మీద నీళ్లు దొరికాయి. మొదటిసారి ఎండదెబ్బ తిని తిరిగొచ్చింది. రెండోసారి అరికాళ్ల నిండా బొబ్బలతో కుంటుకుంటూ వచ్చింది. మూడోసారి మాత్రం తిన్నగా ట్రెక్కింగ్ ఆఫీసులోకి నడిచొచ్చి, అడుగున తెల్ల మట్టి పేరుకున్న రెండు నీళ్ల సీసాలు బల్ల మీద ఠపీమని పెట్టింది. మేనేజరు లేచి నీలం పెన్ను ఆవిడ చేతికిచ్చాడు. గోడ మీది కొండ పటంలో, నీళ్లున్న చోట, కనిపెట్టినవాళ్లే చుక్క పెట్టాలని ఆ ఆఫీసులో ఆనవాయితీ. ఆవిడ మడమలెత్తి నిలబడి చుక్క పెట్టింది.

బల్లకు అవతల కూర్చున్న పెద్ద గైడు చేతిలో టీ చల్లారిపోయింది. బోడిగట్టు మీద చుక్క నీరు లేదని ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ గదిలో చెబుతూ వచ్చింది ఆయనే మరి.

ఆయన ఆషామాషీ మనిషి కాదు. నాలుగు వందల పన్నెండు బృందాలను కొండెక్కించి, ఒక్కరిని కూడా పోగొట్టుకోకుండా దింపుకొచ్చాడు. పటంలో ఉన్న పదిహేడు చుక్కల్లో ఆరు ఆయన చేతివి. ఎదురుగాలిలో ఒక్క అగ్గిపుల్లతో పొయ్యి వెలిగిస్తాడు. గుడారం వేసే చోట బోర్లా పడుకుని, రాత్రి చల్లగాలి ఎటునుంచి దిగుతుందో చెంపతో చెబుతాడు. అన్నిటినీ మించి, పెద్ద గైడు డబ్బాలో నీళ్లు అయిపోవని పేరు. బోడిగట్టు మీద బృందం నాలుకలు పిడచగట్టుకుపోతున్న వేళ, "కూర్చోండి, ఎవరూ కదలకండి" అని ఒక్కడే వెళ్లి, ముప్పావు గంటలో రెండు డబ్బాలు నింపుకొచ్చేవాడు. ముందే వచ్చి దాచిపెట్టానని చెప్పేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు.

దాచిపెట్టింది లేదు, పాడూ లేదు. గట్టుకు పడమర, రెండు పెద్ద బండల సందులో ఒక దొన ఉంది. వాన నీళ్లు నిలిచే రాతి గుంట అది. ఎండ పొడ తగలదు కాబట్టి ఎంత వేసవిలోనూ మూడడుగులకు తగ్గదు. దాన్ని ఆయన పటానికి ఎక్కించలేదు. భార్యకు కూడా చెప్పలేదు. ఆయన పేరంతా ఆ గుంటలోనే ఉంది.

ఇక మరదలు. ఆయన తమ్ముడి భార్య. ఆఫీసు వెనక గదిలో మిషను పెట్టుకుని చిరిగిన గుడారాలు, తెగిన బ్యాగు పట్టీలు కుట్టేది. అందరూ టైలరమ్మ అనేవారు. బోడిగట్టు కింద పల్లంలో దిగిన బృందాల గుడారాలు అడుగున నాచు పట్టి రావడం ఆవిడ కంటపడింది. మంచుకు తడిశాయని గైడులు తేల్చేశారు.

"మంచైతే పైకప్పు కదా బావగారూ తడవాలి, అడుగెందుకు తడుస్తుంది?" అని అడిగింది.

"నువ్వు బొత్తాలు చూసుకో తల్లీ. కొండ సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు పెద్ద గైడు.

గది గదంతా నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు ఆయన చెవుల్లో గింగురుమంటోంది. పల్లానికి పైన, పొద సందులో, ఊట ఆవిడ అనుమానించినట్టే ఉంది.

ఆ తర్వాత రెండేళ్లలో టైలరమ్మ ఇరవై మూడు బృందాలను నడిపించింది. పాత మకాం పల్లంలో చలి దిగుతోందని దాన్ని నూరడుగులు పైకి మార్పించింది. వచ్చినవాళ్లంతా "టైలరమ్మగారు ఖాళీగా ఉన్నారా?" అని అడగడం మొదలుపెట్టారు. అదే సమయానికి పెద్ద గైడు మోకాలు మొరాయించింది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నల్లబోర్డు అప్పగించారు. ఎవరు, ఎంతమందితో, ఎక్కడికి వెళుతున్నారు, ఎప్పుడు తిరిగి వస్తారు, ఇవన్నీ సుద్దముక్కతో రాయడం ఆయన పని. మరదలి వరుస వచ్చినప్పుడు అక్షరాలు చీమల్లా రాసేవాడు.

"కొంచెం పెద్దగా రాయండి సార్, కనపడి చావడం లేదు" అనేవాడు మేనేజరు.

"సుద్ద అరిగిపోయింది" అనేవాడు ఆయన, కొత్త సుద్దముక్క గుప్పిట్లో దాచుకుని.

ఇంటికి వెళితే అక్కడా అదే భజన.

"ఏమండీ, మన చెల్లి ఫొటో పేపర్లో పడిందండీ! ఎంత కళగా ఉందో!" అంది భార్య.

"కూరలో ఉప్పెక్కువైంది."

"ఇంకా వడ్డించందే!"

ఆయన ఖాళీ కంచం వైపు చూసుకున్నాడు. కడుపు అప్పటికే నిండి ఉంది, మంటతో.

ఒక బుధవారం పొద్దున, మోకాలి డాక్టరు దగ్గరికని చెప్పి, కర్ర పట్టుకుని ఆయన బోడిగట్టు ఎక్కాడు. రెండేళ్లుగా అందరూ నెత్తిన పెట్టుకుంటున్న ఆ ఊటలో ఏదో ఒక వంక దొరక్కపోతుందా అని ఆశ. మామూలుగా మూడు గంటల దారి. ఆయనకు అయిదు గంటలు పట్టింది. పొద తప్పించి, మోకాళ్ల మీద వంగి చూశాడు. కింద మొనదేలిన రాయికి ప్యాంటు పర్రున చిరిగింది. ఆయన పట్టించుకోలేదు. ఊట ఎండిపోయి ఉంది. తెల్ల మట్టి పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. వేలు పెట్టి గుచ్చితే లోపల కూడా తడి లేదు.

అప్పుడు ఆయనకు కలిగిన ఆనందం చెప్పడానికి లేదు. అక్కడే కూర్చుని ఒక్కడే నవ్వుకున్నాడు. తర్వాత పడమటికి దిగి తన దొన చూసుకున్నాడు. మూడడుగుల నీళ్లు, అద్దంలా ఉన్నాయి. దోసిలితో తాగి, మీసం తుడుచుకుని, మోకాలు సంగతి మరిచిపోయి దిగాడు.

బోర్డు ముందుకు వచ్చాక గానీ నవ్వు ఆగలేదు. ఉదయం తన చేత్తో రాసిందే అక్కడ ఉంది: టైలరమ్మ, ఆరుగురు, బోడిగట్టు, శుక్రవారం వెళ్లి శనివారం రాక. రాత్రి మకాం ఆ ఊటను నమ్ముకునే. అక్కడినుంచి పటంలో ఉన్న తర్వాతి చుక్కకు పూటంతా నడవాలి.

చెప్పాలి. చెబితే, నీకెలా తెలుసని అడుగుతారు. మరదలి ఊటను దొంగచాటుగా చూడ్డానికి వెళ్లాడని ఊరంతా తెలుస్తుంది. చెప్పకపోతే? ఆరుగురూ గొంతెండి దిగివస్తారు, టైలరమ్మ పేరు మట్టిలో కలుస్తుంది. ఆ రెండో మాట దగ్గర ఆయన మనసు కాసేపు హాయిగా కూర్చుంది. అలా కూర్చుందని తెలిసి ఆయనకే ఒళ్లు జలదరించింది. అయినా ఆ రోజు నోరు విప్పలేదు. ఇంటికి వెళ్లి, ముప్ఫై ఏళ్ల అలవాటు కొద్దీ, చిరిగిన ప్యాంటు తీసి ఆఫీసుకు పంపే కుట్టు బట్టల సంచిలో పడేశాడు.

గురువారం మధ్యాహ్నం వెనక గదిలోంచి పిలుపు వచ్చింది.

"బావగారూ, ఒకసారి ఇలా రండి."

మిషను మీద ఆయన ప్యాంటు పరిచి ఉంది. గుడారం అడుగు చూసి ఊటను పట్టుకున్న మనిషికి తన ప్యాంటు తనే పంపించుకున్నాడు.

"డాక్టరు గారిల్లు బోడిగట్టు మీదికి మార్చారా?" అంది ఆవిడ, దారం కొరుకుతూ. "ఈ తెల్ల మట్టి కొండ మొత్తం మీద ఒక్క చోటే ఉంది."

ఆయన ప్యాంటు లాక్కోబోయాడు. ఆవిడ వదల్లేదు.

"వెళితే వెళ్లారు, మీ కొండే. కానీ తడిమట్టి అయితే గుడ్డలోకి ఇంకాలి కదా. ఇది దులిపితే రాలిపోతోంది." మోకాలి దగ్గర వేలితో తట్టి చూపించింది. తెల్లని పొడి మిషను మీద పడింది. "ఊట ఎండిపోయిందా బావగారూ? నిజం చెప్పండి. మీ మాట మీదే వెళ్తాను, మీ మాట మీదే మానేస్తాను."

నిండుగా ఉంది అనే మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ ఆయన ముఖంలోకే చూస్తోంది, ఎగతాళి లేదు.

"ఎండిపోయింది. లోపల కూడా తడి లేదు" అన్నాడు.

టైలరమ్మ లేచి, ముందు గదిలోకి వెళ్లి, బోర్డు తుడిచే గుడ్డ తీసుకుంది.

"ఏం చేస్తున్నావ్?"

"చెరిపేస్తున్నా. ఆరుగురిలో ఇద్దరికి అరవై దాటాయి. ఒక్కొక్కరి వీపు మీద ఇంకో అయిదు లీటర్లు ఎక్కించలేను. రావద్దని ఫోన్ చేస్తాను."

రెండేళ్లుగా ఆయన కోరుకున్నది ఇదే, కళ్లముందే జరుగుతోంది. కానీ సంతోషం రాలేదు. నాలుగు వందల పన్నెండు సార్లలో తను ఒక్కసారి కూడా బోర్డు మీద పేరు చెరపలేదని గొప్పగా చెప్పుకునేవాడు. చెరపాల్సిన అవసరం రాకుండా గుంట ఒకటి దాచుకున్నాడు. ఈవిడకు ఏ గుంటా లేదు. అయినా, చెరపడానికి వెనకాడటం లేదు. అది చూసి ఆయనకు ఇంతకు ముందెప్పుడూ లేనంత కుళ్లు పుట్టింది.

"ఆ గుడ్డ కింద పెట్టు" అన్నాడు కసురుతున్నట్టు. "గట్టు దాటి పడమరకు దిగు. ఏటవాలుగా ఇరవై నిమిషాలు. ఒకదాని మీద ఒకటి వాలినట్టు రెండు బండలుంటాయి. సందులో దొన ఉంది. నిన్న మూడడుగుల నీళ్లు చూశాను. గుడ్డలో వడకట్టి, మరిగించి తాగండి. అక్కడ మాత్రం గుడారాలు వేయొద్దు. సాయంత్రం నీళ్లకు జంతువులొస్తాయి. నూటయాభై అడుగులు పైకి వస్తే చదును ఉంది, అక్కడ వేసుకో."

టైలరమ్మ గుడ్డ కింద పెట్టింది.

"అంటే... అయిపోని డబ్బా?"

"ఆ... అదే."

ఆవిడ ముసిముసిగా నవ్వింది, ఎంత ఆపుకున్నా ఆగలేదు. "ముప్ఫై ఏళ్లు భలే దాచారు బావగారూ!"

"నవ్వింది చాలు. పటం మీద మాత్రం పెట్టొద్దు."

"పెట్టాల్సిందే. దారిలో నా కాలు మడతపడితే, మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు ఎలా తెలుస్తుంది? నీళ్ల దగ్గరే కదా వెతుకుతారు?"

ఆవిడ నీలం పెన్ను తీసి పటం దగ్గరికి నడిచింది. పెన్ను మూత తీసే చప్పుడుకు ఆయన కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచాడు.

"ఇటివ్వు! కనిపెట్టింది నేను."

ఆయన చుక్క పెట్టాడు. పక్కనున్న మరదలి చుక్కకంటే రెండింతలు ఉండేలా, గుండ్రంగా రుద్ది రుద్ది పెట్టాడు. మేనేజరు లోపలినుంచి వచ్చి, అది ఎప్పుడు దొరికిందని అడిగాడు. మొన్ననే అంది టైలరమ్మ. ఆవిడ అలా కాపాడినందుకు కూడా ఆయనకు ఒళ్లు మండింది.

శుక్రవారం పొద్దున ఆరుగురూ బ్యాగులు తగిలించుకుని వరుసగా వెళ్లిపోయారు. ముందు మరదలు. ఆయన ప్యాంటు కుట్టి, మడతపెట్టి, కుర్చీ మీద వదిలి వెళ్లింది. పెద్ద గైడు కిటికీలోంచి వాళ్లు మలుపు తిరిగేదాకా చూశాడు. ఆ దొన దగ్గర తన బదులు ఇంకొకరు డబ్బా ముంచుతారు. చప్పట్లు వాళ్లకే పడతాయి. మింగుడు పడలేదు.

బోర్డు దగ్గరికి వెళ్లి, బుధవారం రాసిన చీమల అక్షరాలు చెరిపేశాడు. గుప్పిట్లోంచి కొత్త సుద్దముక్క తీసి, వీధిలోంచి చూసినా కనపడేంత పెద్దగా రాశాడు:

టైలరమ్మ, ఆరుగురు. తిరిగి రాక: ఏప్రిల్ పదిహేడు, శనివారం, సాయంత్రం అయిదు గంటలు.