తుమ్మచెక్క నీళ్ళు

రామయ్యపట్నంలో నైలాను దారం ఇంకా అడుగుపెట్టని రోజులవి. నూలు వలలు ఉప్పునీటికి కుళ్ళిపోకుండా తుమ్మచెక్క వగరు నీళ్ళలో ఉడకబెట్టేవారు. ఆ పని మంగమ్మది. గంగాళంలో నీళ్ళ రంగు చూసి, వేలు ముంచి నాలుకకు రాసుకుని, "ఇంక సాలు, తీసీయండి" అందంటే వల బయటికి రావలసిందే. ఆ ఊరి మగవాళ్ళకు సముద్రమంటే భయం లేదు గానీ మంగమ్మ నోరంటే ఉంది.

ఊరికో ఆనవాయితీ ఉండేది. పెద్ద వలకు ఆ ఏడు మొదట పడిన చేపల్ని ఒడ్డునే ఒకే కుండలో వండుతారు. వల ఉడకబెట్టిన మనిషి అందులో మొదటి ముద్ద తినాలి. తినలేకపోతే వల నిలవదని నమ్మకం. గంగాళం మరొకరి చేతికి పోతుంది.

ఒక ఏడు వానల్లో పట్టుకున్న విరేచనాలు మంగమ్మను వదల్లేదు. కారం తగిలితే చాలు, కడుపులో నిప్పులు పోసినట్టుండేది. మనిషి సగానికి సగం చిక్కిపోయింది. జబ్బుకంటే గంగాళం పోతుందన్న దిగులే ఆమెను ఎక్కువ తినేసింది. మరిది కాసులు పెద్ద వలకు నాయకుడు. వదినగారిని బస్సెక్కించి బరంపురం తీసుకుపోయాడు.

డాక్టరు ధర్మలింగానికి ఎవరి పని పేరుతో వాళ్ళకు జబ్బు చెప్పడం సరదా. "పేగు లోపలి పొర కూడా వల లాంటిదేనమ్మా. ఒంటికి కావలసింది లోపలికి పోనిస్తుంది, చెడ్డదాన్ని ఆపుతుంది. నీకు ఆ వల దెబ్బతింది. మందు వేసుకో. గంజి, మజ్జిగ, మెత్తటి అన్నం తిను. కారం ముట్టకు. పొర మెల్లగా తనే అల్లుకుంటుంది."

మంగమ్మ చెవికి వల అన్న మాట తప్ప ఇంకేమీ ఎక్కలేదు. వల పాడైతే ఏం చెయ్యాలో నాకొకరు చెప్పాలా అనుకుంది. ఇంటికొచ్చి మందుసీసా చూరులో దోపి, గంగాళంలో తుమ్మచెక్క నీళ్ళు చెంబుతో ముంచుకుని తాగింది. విరేచనాలు కట్టాయి. సంబరపడి ఇంకో చెంబు, తెల్లారి మరొకటి. ఇక కట్టినవి కట్టినట్టే ఉండిపోయాయి. కడుపు డప్పులా బిగిసింది. కూర్చోలేదు, పడుకోలేదు, కనీసం ఎవరినీ తిట్టలేదు. అది చూసి కాసులు నిజంగా బెదిరిపోయాడు.

మళ్ళీ బరంపురం. సంగతి విని డాక్టరు నవ్వాపుకోలేకపోయాడు.

"వలని ఆ నీళ్ళలోనే వదిలేస్తే ఏమవుతుందమ్మా?"

"నూలు పెళుసెక్కిపోతాది బాబూ. లాగితే తెగిపోతాది." తన మాట తనకే వినబడి మంగమ్మ తల దించుకుంది.

"చెట్ల వగరులో గుణం లేదనను. పేగు పొరకు ఏది ఎంత మేలు చేస్తుందో చదువుకున్నవాళ్ళం ఇంకా వెతుకుతూనే ఉన్నాం. చెంబులతో మాత్రం కాదు."

ఈసారి బుద్ధిగా విన్నది. మందు తాగింది, గంజిని తిడుతూనే గంజి తాగింది. చలి మొదలయ్యేసరికి ఒంట్లో కాస్త సత్తువ వచ్చింది, నోరు మాత్రం పూర్తిగా కోలుకుంది. పెద్ద వల తన చేత్తోనే ఉడకబెట్టింది. కానీ కారం ఇంకా కొన్నాళ్ళు వద్దనే అన్నాడు డాక్టరు.

మొదటి వేటకు వల నిండా కవళ్ళ చేపలు పడ్డాయి. ఒడ్డున కుండ దిగింది. అందరి ముందూ మంగమ్మకు ఆకు పరిచారు. తింటే కడుపు పోతుంది, తినకపోతే గంగాళం పోతుంది. గంగమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది.

"ఏటి కాసులూ, ఇందల మిరపకాయేది?"

"మరిసిపోనాం ఒదినా," అన్నాడు కాసులు, ఆకులోంచి తలెత్తకుండా.

ఆ ఊరు పుట్టాక చేపల కూరలో కారం మరిచిన మగాడు లేడు. చుట్టూ చూసింది. వల లాగిన జనమంతా ఆ చప్పిడి కూరను పథ్యంలా మింగుతున్నారు. ఒక్కరూ మొహం చిట్లించలేదు. ముక్కలో ముల్లంత కారం లేకపోయినా మంగమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఉప్పు కూడా సరిగ్గా ఎయ్యలేదు, సన్నాసులు," అని తిట్టి, రెండో ముద్ద కలుపుకుంది.