కళ్ళకద్దుకునేలోపు గోలు

నిన్న టీవీలో ఫుట్‌బాల్ చూస్తుంటే, సోఫాలో నా కాలు మనవరాలికి తగిలింది. అలవాటుగా దాని భుజం తాకి వేళ్ళు కళ్ళకద్దుకున్నాను. వెంటనే వికారాబాదులో మా ఇంటి అరుగు గుర్తొచ్చింది.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో అందరూ ఉత్తకాళ్ళతోనే ఆడేవాళ్ళు. ఆ రోజు తాండూరు చేతిలో మన ఊరివాళ్ళు ఒక్క గోలుతో ఓడిపోయారు. కొట్టింది తాండూరులో ఉండే మా మేనత్త భర్త. అడ్డుకోవాల్సింది మా చిన్నాయన. పోటీలో ఇద్దరి కాళ్ళు తగిలాయి. బావ కదా అని చిన్నాయన ఆగి, వంగి, ఆయన్ను తాకి కళ్ళకద్దుకున్నాడు. ఆలోపు బంతి గోలు గీత దాటింది.

సాయంత్రం మా అరుగు మీద పంచాయితీ. నాపరాయి మీద సుద్దతో మైదానం గీసి, ఆటగాళ్ళకు బదులు కందిగింజలు పేర్చారు. మామయ్య కూడా అక్కడే కూర్చుని సాసర్లో చాయ్ తాగుతున్నాడు.

"ఆటల బావేంది, బామ్మర్దేంది? ఇగ నిన్ను టీముల ఉంచ!" అంటూ మన ఊరి కెప్టెన్, చిన్నాయన గింజను గీత బయటికి తోసేశాడు.

చిన్నాయన తలెత్తలేదు. "కాలు తగిలె గదన్నా" అన్నాడు మెల్లగా.

మామయ్య సాసరు కింద పెట్టాడు. "నీది కాదు బామ్మర్దీ, నా కాలే నీకు తగిలింది" అని చిన్నాయన భుజం తాకి కళ్ళకద్దుకున్నాడు. ఆ గింజను తీసి మళ్ళీ గీత లోపల పెట్టాడు.

అల్లుడి ఎదుటికి ఎప్పుడూ రాని మా నాయనమ్మ, తలుపు చాటు నుంచే అడిగింది:

"గట్లయితె గా గోలు వాపస్ ఇస్తరా మరి?"