విశ్వాస ప్రమాణంలో మేం ఆగే చోటు

ఈ ఉదయం లక్సెట్టిపేటలో, మా చర్చిలో నాకు నిజంగానే చెమటలు పట్టాయి. గతించిన పాస్టర్లను స్మరించుకునే ఆదివారం. ఈ మధ్యే కన్నుమూసిన మా పాత అయ్యగారి ఫొటోను ముందువైపు పెట్టాం. బదిలీ మీద వచ్చిన కొత్త అయ్యగారికి ఇదే ఇక్కడ మొదటి ఆరాధన.

అందరం లేచి విశ్వాస ప్రమాణం చెబుతున్నాం. ‘శరీర పునరుత్థానమును’ అనగానే చర్చి మొత్తం టక్కున ఆగిపోయింది. ‘నిత్యజీవమును’ అని కొత్త అయ్యగారి గొంతు ఒక్కటే వినిపించింది. ఆయన ముఖం ఎర్రబడింది.

“ఏం, మీకు నిత్యజీవం మీద నమ్మకం లేదా?” అన్నారు.

కమిటీ పెద్దలు నేలచూపులు చూస్తున్నారు. చివరికి ముందు వరుసలోంచి ఎస్తేరవ్వ లేచింది.

“గట్లెందుకంటరు అయ్యగారూ, నమ్ముతం. మా పాత అయ్యగారికి దమ్ముండె. గా మాటకాడికి రాంగనే ఊపిరి అందకపోయేది. ఆయన ఊపిరి తీస్కునేదాక మేం ఆగెటోళ్లం. గదే అలవాటైంది.”

ఆయన ఫొటో వైపు చూశారు. “మొదటి నుంచి చెబుదాం” అన్నారు.

మళ్లీ అదే చోటికి వచ్చాం. ఈసారి ఆయనా ఆగారు, మేమూ ఆగాం. తిరిగి ఎవరు ఎత్తుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్లూ ఎత్తుకున్నది పాత అయ్యగారే. ఆ నిశ్శబ్దం మొదటిదానికన్నా భయంగా ఉంది. అప్పుడు కొత్త అయ్యగారు మైకులో అందరికీ వినబడేలా ఊపిరి తీసుకున్నారు. ‘నిత్యజీవమును’ అని అందరం ఒక్కసారే అన్నాం.

పాపం, ఆయనకు ఏ జబ్బూ లేదు. అయినా ఇక ప్రతి ఆదివారం అక్కడ ఆగాల్సిందే. మీరైతే మాతో ఈ అలవాటు మాన్పించేవారా?