నీళ్ళత్త చెప్పిన వేళ

ఆ దీవిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. చిన్నాపెద్దా అందరికీ నీళ్ళత్తే. లాడ్జీలో దుప్పట్లు ఉతికి ఆరేయడం ఆమె పని. అయితే ఆ పేరు ఉతుకుడు వల్ల వచ్చింది కాదు.

దీవికీ, ఎదురుగా ఉన్న రాళ్ళతిప్పకీ మధ్య సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఇసుకదారి తేలుతుంది. ఆదివారం విడిచి ఆదివారం మధ్యాహ్నం వేళ కుదురుతుంది. ఆ రోజు జనం పిల్లాపాపలతో, క్యారేజీలతో తిప్పమీదికి నడిచిపోతారు. నీళ్ళు మళ్ళీ కమ్మేలోపు వెనక్కి రావాలి. ఆ కమ్మే వేళ రోజుకి యాభై నిమిషాల చొప్పున జరుగుతూ పోతుంది. రేవులో అంటించే పట్టిక ఎక్కడిదో పెద్ద ఓడరేవుది, ఈ దారికి అక్కరకు రాదు. అందుకే అందరూ నీళ్ళత్తను అడుగుతారు. ఆమె పొద్దున్నే కళ్ళు తెరవగానే నిన్నటి వేళకి యాభై నిమిషాలు కలుపుకుని మనసులో పెట్టుకుంటుంది. అత్తగారు నేర్పిన లెక్క. ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

ఆ ఆదివారం తప్పింది. నాలుగింటిదాకా ఢోకా లేదని చెప్పి పంపింది. మూడుంబావుకల్లా నీళ్ళు వచ్చేశాయి. పది పన్నెండు కుటుంబాలు పిల్లల్ని భుజాలకెత్తుకుని, నడుంలోతు నీళ్ళలో కేకలు పెట్టుకుంటూ ఒడ్డున పడ్డాయి. నీళ్ళత్త కొడుకు మెడను కరుచుకుని ఏడేళ్ళ మనవరాలు వణికిపోతోంది. అదృష్టం బాగుండి, రెండు క్యారేజీలూ కొన్ని చెప్పులూ తప్ప ఏమీ పోలేదు.

"గాలి తోసేసిందిరా నీళ్ళని. లేకపోతే అత్త మాట తప్పుతుందా?" అన్నాడు టైలరు, చొక్కా పిండుకుంటూ.

"గాలీ లేదు, గీలీ లేదు. నువ్వు దిగేసరికి సముద్రం పొంగింది. ఆ పొట్ట తగ్గించమంటే వినవు కదా!" అంది అతని భార్య.

అందరూ పగలబడి నవ్వారు. నీళ్ళత్తకు నవ్వు రాలేదు. ఆ రోజు గాలి లేదని ఆమెకు తెలుసు. లాడ్జీ తీగలమీద దుప్పట్లు మధ్యాహ్నందాకా కదల్లేదు. మర్నాడు వాటిని మడతపెడుతుంటే గుర్తొచ్చింది. నిద్ర లేవగానే ఒకసారి కలిపింది. తర్వాత ఎవరో దారిలో అడిగితే, కలిపిన సంగతి మరిచిపోయి ఇంకోసారి కలిపింది.

కోడలు చేపల షెడ్డులో ఆరింటిదాకా పనిలో ఉంటుంది. నాలుగింటికి బడి దగ్గర మనవరాలి చెయ్యి పట్టుకునేది నీళ్ళత్తే. రోడ్డు దాటించి, రేవు పక్కనుంచి నడిపించి తెచ్చే ఆ పావుగంట కోసం ఆమె రోజంతా ఎదురుచూస్తుంది. మతి తప్పుతోందని ఒప్పుకుంటే ఆ చెయ్యి మళ్ళీ తన చేతికిస్తారా? దాదాపు రెండు వారాలు నోరు కుట్టేసుకుంది.

శనివారం కుళాయి దగ్గర టైలరు భార్య అడగనే అడిగింది. "అత్తా, రేపు ఎన్నింటికి తిరిగి రమ్మంటావు?"

బిందె నిండి పొర్లుతోంది. నీళ్ళత్త కుళాయి కట్టలేదు.

"నన్నడగొద్దే. ఆ రోజు గాలి కాదు, నేనే. ఒక రోజుది రెండుసార్లు కలిపాను."

"చాల్లే, పరాచికాలు! చెప్పు."

"నా మనవరాలి మీద ఒట్టు. ఎవరూ వెళ్ళకండి."

టైలరు భార్యే వంగి కుళాయి కట్టేసింది. ఆమె చంటిపిల్ల కూడా ఆ రోజు ఆ నీళ్ళలోనే ఉంది.

సాయంత్రానికి సంగతి ఇంటికి చేరింది. కొడుకు తల ఎత్తలేదు. కోడలు కోప్పడలేదు. కంచంలో అన్నం వడ్డించి, పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, షెడ్డులో అడిగాను. సోమవారం నుంచి నన్ను ముందే వదిలేస్తారట. పాపని నేనే తెచ్చుకుంటాను లెండి."

"నీకు శ్రమ కదమ్మా."

"నాకేం శ్రమ అత్తయ్యా. మీరు కాస్త విశ్రాంతిగా ఉండండి."

"అలాగేనమ్మా" అంది. అన్నం కలిపింది గానీ ముద్ద ఎత్తలేదు.

సోమవారం నాలుగవుతుందనగా నీళ్ళత్త చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుని లాడ్జీ గేటుదాకా నడిచింది.

"ఎక్కడికత్తా?" అన్నాడు మేనేజరు.

ఆమె ఆగింది. కాళ్ళు అలవాటుకొద్దీ వచ్చాయో, కోడలి మాట మరిచిపోయి తనే బయల్దేరిందో ఆమెకే తేలలేదు.

"ఎక్కడికీ లేదు బాబూ" అని, తడి దుప్పట్ల దగ్గరికి తిరిగి వెళ్ళింది.